తూము దగ్గర లెక్క

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఇందుకూరుపేట దాటాక వరి మడుల మధ్య రొయ్యల గుంటలు కనిపిస్తాయి. సముద్రం దగ్గరయ్యే కొద్దీ వరి తగ్గుతుంది, గుంటలు పెరుగుతాయి. ఏరియేటర్ల చప్పుడు రాత్రీ పగలూ ఆగదు. ఈ గుంటల్లో పెరిగే వనామి రొయ్య విదేశాలకు పోవాలంటే, అందులోనూ ఐరోపాకు పోవాలంటే, పట్టుబడికి ముందే ఒక పరీక్ష గట్టెక్కాలి. రైతు విసురు వల వేసి గుంటలో నాలుగైదు చోట్ల రొయ్యలు తీస్తాడు. వాటిని ఐసు పెట్టెలో సర్ది నెల్లూరులో ఉన్న ఎంపెడా ప్రయోగశాలకు పంపుతాడు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థను ఇక్కడ అందరూ ఎంపెడా అనే పిలుస్తారు. అక్కడ ఆ రొయ్య కండను నూరి, అందులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషేధించిన యాంటీబయోటిక్కుల జాడ వెతుకుతారు.

ఒకసారి ఒక గుంట గట్టు మీద నిలబడి ఈ తతంగమంతా చూశాను. రైతు వల విదిలిస్తూ, "ఈ పంటకు మందు ముట్టుకోలేదు సార్, ప్రోబయోటిక్కులే" అన్నాడు. ఆయన నిజమే చెప్పి ఉండొచ్చు. కానీ ప్రయోగశాలకు ఆయన మాటతో పని లేదు. అది రొయ్యనే అడుగుతుంది. ఆ అడిగే తీరులో ఒక చిత్రమైన సంగతి ఉంది. నైట్రోఫ్యూరాన్ మందులు ఒంట్లో చేరాక ఎంతో సేపు ఉండవు, గంటల్లోనే విరిగిపోతాయి. అసలు మందును వెతికితే ఏమీ దొరకదు. కానీ విరిగిన ముక్కల్లో ఒకటి కండలోని మాంసకృత్తులను పట్టుకుని వారాల తరబడి వదలదు. ఫ్యూరజోలిడోన్ వాడితే మిగిలే ఆ ముక్కను ఏఓజెడ్ అంటారు. రసాయనవేత్తలు వెతికేది దాన్నే. 2022 నవంబరు నుంచి ఐరోపాలో హద్దు కిలోకు అర మైక్రోగ్రాము. పది టన్నుల రొయ్య ఎక్కించిన లారీలు వంద వరసగా నిలబెట్టి, ఆ మొత్తంలో అర గ్రాము మందు ముక్కలు కలిపితే ఎంతో, అంత.

అసలు మందు పోయినా, ఒంటి గుండా పోయినందుకు ఒక ఆనవాలు మిగులుతుంది. ఈ అధ్యాయమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. రొయ్య స్థానంలో మనిషినీ, గుంట స్థానంలో ఊరినీ పెట్టి చూడాలి, అంతే.

తెలుగులో మందు అనే మాట చాలా బరువు మోస్తుంది. జ్వరానికి వేసుకునేదీ మందే, గుంటలో చల్లేదీ మందే, సాయంత్రం సీసాలో తాగేదీ మందే. ఒక ఊరు ఈ మూడో రకం మందు ఎంత తాగుతోంది, గంజాయి ఎంత పీలుస్తోంది, నిద్రమాత్రలు ఎన్ని మింగుతోంది? ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుంది?

మనకు అలవాటైన దారులు మూడున్నాయి. మొదటిది ఇంటింటికీ వెళ్ళి అడగడం. మన దేశంలో అలాంటి సర్వేల్లో పెద్దది ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు చేసినది, దాని నివేదిక 2019లో వచ్చింది. రెండు లక్షలకు పైగా ఇళ్ళు తిరిగారు. 10 నుంచి 75 ఏళ్ళ మధ్య వాళ్ళలో 14.6 శాతం మంది, అంటే దాదాపు 16 కోట్ల మంది, మద్యం తాగుతారనీ, గంజాయి, భంగు కలిపి వాడేవాళ్ళు 2.8 శాతమనీ తేల్చారు. చాలా కష్టపడి చేసిన పని. అయినా వాకిట్లో నిలబడి ఎవరో కొత్త మనిషి "మీరు గంజాయి తాగుతారా?" అని అడిగితే, పక్కన తల్లో పెళ్ళామో నిలబడి వింటుంటే, ఎంతమంది ఉన్నమాట చెబుతారు?

రెండో దారి పోలీసుల లెక్క. విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించాక, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయిని గుట్టలు పోసి తగలబెట్టారు. ఆ పొగ చూసిన వాళ్ళు ఎన్నేళ్ళైనా మరిచిపోరు. అయితే పట్టుబడిన సరుకు పోలీసులు ఎంత గట్టిగా పని చేశారో చెబుతుంది. పట్టుబడనిది ఎంతో, ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయిందో చెప్పదు. పట్టుబడింది రెట్టింపయితే వాడకం పెరిగినట్టా, తగ్గబోతున్నట్టా? రెండు వాదనలకూ ఆ ఒక్క అంకే సాక్ష్యంగా నిలుస్తుంది.

మూడోది అమ్మకాల లెక్క. ఎక్సైజు వారి పుస్తకంలో ఎన్ని పెట్టెలు కదిలాయో ఉంటుంది. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో నెల్లూరు పక్కనే ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. వాళ్ళు తాగినది ఏ ఎక్సైజు పుస్తకంలోనూ లేదు. నాటుసారా కూడా లేదు. కల్తీ కల్లు సంగతి ఇంకా ఘోరం. 2015 సెప్టెంబరులో తెలంగాణలో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్లులో కలిపే అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటివి ఒక్కసారిగా దొరకకుండా పోయేసరికి, రోజూ ఆ కల్లు తాగే వాళ్ళు వణుకుతూ, మాట తడబడుతూ ఆసుపత్రులకు వచ్చి పడ్డారు. తాము ఏళ్ళ తరబడి నిద్రమాత్ర తాగుతున్నామని వాళ్ళకు తెలియదు. అలాంటి మనిషిని ఎంత మర్యాదగా అడిగినా ఏం చెబుతాడు పాపం?

మూడు దారులూ మనిషి నోటి దగ్గరో, సరుకు దగ్గరో, కాగితం దగ్గరో ఆగిపోతాయి. నాలుగోది మనిషి ఒంటి గుండా వెళ్ళి అవతల మురుగు కాలువలో తేలుతుంది.

ఈ ఆలోచనను 2001లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థలో పని చేసిన క్రిస్టియన్ డాటన్ అనే రసాయనవేత్త కాగితం మీద పెట్టాడు. జనం వాడిన మాదకద్రవ్యాలన్నీ చివరికి మురుగులోకే వస్తాయి కదా, మురుగును కొలిస్తే ఊరి మొత్తం వాడకం తెలియదా అన్నాడు. 2005లో ఇటలీలో మిలాన్‌లోని మారియో నెగ్రి సంస్థ శాస్త్రవేత్తలు చేసి చూపించారు. వాళ్ళు పో నది నీళ్ళు ముంచుకొచ్చారు. దాదాపు 50 లక్షల మంది మురుగు కలిసే నది అది. అందులో కొకైన్ కంటే ముఖ్యంగా బెంజాయిల్‌ఎక్గొనిన్ కోసం వెతికారు. కొకైన్ మనిషి కాలేయంలో విరిగి మూత్రంలో పోయేటప్పుడు తయారయ్యే ముక్క అది, మన రొయ్యలో ఏఓజెడ్ లాంటిది. లెక్క కట్టి చూస్తే నది రోజూ దాదాపు 4 కిలోల కొకైన్‌కు సరిపడా జాడ మోస్తోంది. ఆ ప్రాంతంలో నెలకు 15 వేల సార్లు వాడకం ఉంటుందని అధికారిక అంచనా. నది చెప్పింది రోజుకు కనీసం 40 వేల మోతాదులని. నెలకు 15 వేలు ఎక్కడ, రోజుకు 40 వేలు ఎక్కడ! సర్వేలో నోరు విప్పని వాళ్ళంతా నదిలో మాట్లాడారన్నమాట.

అటు తర్వాత పని విస్తరించింది. 2011లో ఐరోపాలోని 19 నగరాలు ఒకే వారంలో ఒకే పద్ధతిలో మురుగును కొలుచుకున్నాయి. ఆస్ట్రేలియా 2016లో జాతీయ స్థాయిలో మొదలుపెట్టి, దేశ జనాభాలో సగానికి మించిన మంది మురుగును క్రమం తప్పకుండా పరీక్షిస్తోంది. మాదకద్రవ్యాలతో పాటు మద్యం, పొగాకు కూడా కొలుస్తారు. కొన్ని మత్తులకు వారం లయ ఉంటుందని ఈ లెక్కల్లోనే స్పష్టంగా కనబడింది. విందుల మత్తులు శని, ఆదివారాల్లో పొంగుతాయి. బానిసగా మార్చేసే మత్తులకు ఆదివారం లేదు, సోమవారం లేదు, రోజూ ఒకే మట్టంలో పారుతుంటాయి.

పద్ధతిని దగ్గరగా చూద్దాం. మన ప్రాంతానికి కొకైన్ కంటే మద్యమే పెద్ద సమస్య గనుక దాన్నే తీసుకుంటాను.

మురుగులో ఆల్కహాలునే వెతికితే లాభం లేదు. అది సూక్ష్మజీవుల వల్ల కూడా పుడుతుంది, ఆవిరీ అవుతుంది. పైగా పట్టుకున్న అక్రమ మద్యాన్ని రోడ్డు రోలరుతో తొక్కించినప్పుడు కాలువలోకి పారేదీ ఆల్కహాలే. కాబట్టి ఒంట్లో మాత్రమే పుట్టేది కావాలి. తాగిన ఆల్కహాలులో చాలా భాగాన్ని కాలేయం కాల్చేస్తుంది. పదివేల అణువుల్లో ఒకటికి కాస్త పైగా మాత్రం ఇంకో దారి పట్టి, ఒంట్లో ఉన్న సల్ఫేటుతో జతకట్టి ఇథైల్ సల్ఫేట్‌గా మారి మూత్రంలోకి వస్తుంది. రోలరు కింద నలిగిన సీసాలోని మద్యం ఇథైల్ సల్ఫేట్ కాలేదు, దానికి కాలేయం కావాలి. పైగా ఇది మురుగులో ఒక రోజు నిలబడ్డా చెడిపోదు. 2011లో నార్వే శాస్త్రవేత్తలు ఓస్లో నగరం తాగుడును ఈ ఆనవాలుతోనే కొలిచారు.

ఇప్పుడు లెక్క. ఒక పట్టణం ఉందనుకోండి. 40 వేల మంది మురుగు ఒకే గొట్టం గుండా శుద్ధి కేంద్రానికి చేరుతోంది, రోజుకు 50 లక్షల లీటర్లు. ఒక యంత్రం పావుగంటకోసారి కొద్ది కొద్దిగా ముంచుతూ 24 గంటల నీటిని చల్లని డబ్బాలో కలిపి ఉంచుతుంది. ఒక్క గంట నీళ్ళే తీసుకుంటే పొద్దున్నే లేచే వాళ్ళ సంగతి తెలుస్తుంది గానీ, అర్ధరాత్రి ఇంటికొచ్చే వాళ్ళ సంగతి తెలియదు. ఆ నీటిని వడకట్టి, ద్రవ క్రోమటోగ్రఫీ గొట్టంలో వేరు చేసి, మాస్ స్పెక్ట్రోమీటరులో తూస్తే లీటరుకు 10 మైక్రోగ్రాముల ఇథైల్ సల్ఫేట్ కనబడిందనుకుందాం. 50 లక్షల లీటర్లకు 50 గ్రాములు. తాగిన దానిలో ఎంత వంతు ఇలా బయటికొస్తుందో ముందే తెలుసు కాబట్టి దాదాపు 3,000తో గుణించాలి. 150 కిలోల ఆల్కహాలు. మన బ్రాందీ షాపు క్వార్టరు సీసాలో, 180 మిల్లీలీటర్లలో, దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. అంటే ఆ రోజు ఆ పట్టణం 2,500 క్వార్టర్ల పెట్టు తాగింది.

అది షాపులో కొన్నదా, బెల్టు షాపులో కొన్నదా, పక్క రాష్ట్రం నుంచి తెచ్చినదా, తోటలో కాచిన సారానా అన్నది గొట్టానికి తెలియదు, దానికి అక్కర కూడా లేదు. అన్నీ కలిపి చెబుతుంది. అదే దాని బలం. అదే లోపం కూడా. 2,500 మంది తలా ఒక క్వార్టరు తాగారా, 800 మందికి పైగా తలా మూడు తాగి ఇల్లు గుల్ల చేసుకున్నారా అన్నది అది చెప్పలేదు. 50 గ్రాముల ఆనవాలుకు ముఖం లేదు.

ఈ లెక్క రాస్తున్నప్పుడల్లా నాకు దూబగుంట గుర్తొస్తుంది.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఉంది దూబగుంట. తీరానికి దూరం, మెట్ట ప్రాంతం. 1991లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కూలి పని చేసుకుని వచ్చిన ఆడవాళ్ళు రాత్రి బడిలో లాంతరు వెలుగులో చదువుకున్న పాఠాల్లో తాగుబోతు మొగుడి వల్ల సంసారం నాశనమైన సీతమ్మ కథ ఒకటి. ఆ కథ వాళ్ళకు కొత్తది కాదు, వాళ్ళ ఇంట్లోదే. కాకపోతే అచ్చులో చూడడం అదే మొదటిసారి. 1992 నాటికి వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్ళు ముందుండి ఊళ్ళోకి సారా రానివ్వమని నిలబడ్డారు. సారా తెచ్చే బండ్లను పొలిమేరలోనే ఆపేశారు. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. నెల్లూరులో వేలం పలుమార్లు వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో దాన్ని సడలించారు.

ఆ మధ్య కాలాన్ని చూడండి. ఎక్సైజు పుస్తకం ప్రకారం ఆ రెండేళ్ళలో రాష్ట్రంలో అందరికీ అందుబాటులో ఉండే మద్యం సున్నా. నిజంగా సున్నా అని ఎవరూ నమ్మలేదు. సరిహద్దులు దాటి సీసాలు వచ్చాయి, నాటుసారా కాగింది. నిషేధం విఫలమైంది, అందరూ తాగుతూనే ఉన్నారు, ఖజానాకు నష్టమే మిగిలింది అని ఒక వర్గం వాదించింది. సందు చివర షాపు పోయింది, చేతికి అందేది తగ్గింది, మా ఇంటికి బియ్యం వచ్చాయి అని ఆడవాళ్ళు చెప్పారు. ఒకరి చేతిలో ఖజానా అంకె ఉంది. ఇంకొకరి చేతిలో తమ ఒంటి మీది దెబ్బలు తగ్గాయన్న అనుభవం ఉంది. ప్రభుత్వాలకు ఖజానా అంకె వినిపించినంత గట్టిగా రెండోది వినిపించదు. అప్పటికి మురుగును కొలిచే పద్ధతి పుట్టలేదు. పుట్టి ఉంటే 1994 డిసెంబరు మురుగుకూ 1995 డిసెంబరు మురుగుకూ తేడా ఎంతో గ్రాముల్లో చెప్పి ఉండేది. సున్నాకు రాలేదని చెప్పి ఉండేది, సగానికి తగ్గిందో పావుకు తగ్గిందో కూడా చెప్పి ఉండేది. ఆ ఆడవాళ్ళ చేతిలో లేకపోయిన అంకె అదే. మురుగు పరీక్ష మీద నాకు ఇంత పట్టు ఎందుకని అడిగితే, కారణం ఇదే.

మురుగులో రోగాన్ని వెతకడం తెలుగు నేలకు కొత్తేమీ కాదు. 2014 మార్చిలో భారత్‌కు పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. రెండేళ్ళ తర్వాత, 2016 జూన్‌లో, హైదరాబాద్ అంబర్‌పేట నాలా నుంచి తీసిన నమూనాలో టీకా నుంచి మారిన రెండో రకం పోలియో వైరసు కనబడింది. ఏ పిల్లవాడికీ కాళ్ళు పడిపోలేదు, ఏ ఆసుపత్రికీ ఎవరూ రాలేదు. నాలా ముందుగా చెప్పింది. వారాల్లోనే హైదరాబాద్, రంగారెడ్డి ప్రాంతాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేసే కార్యక్రమం నడిపారు. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగర మురుగు శుద్ధి కేంద్రాల్లో కరోనా వైరసు ఆర్‌ఎన్‌ఏ కొలిచారు. సోకిన మనిషి 35 రోజుల దాకా మలంలో వైరసు జాడ వదలగలడన్న లెక్క పెట్టుకుని, నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షల్లో తేలిన వాళ్ళు ఆ అంకెలో చిన్న వంతే. పో నది దగ్గర జరిగినదే ఇక్కడా జరిగింది. కాబట్టి పరికరాలూ మనుషులూ లేరని అనలేం. వైరసు నుంచి మత్తుమందుకు మారితే యంత్రం మారుతుంది, నమూనా తీసే చెయ్యి అదే.

ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. మురుగులో మందు కనబడిందంటే మనుషులు మింగారని అర్థం కాదు. స్వీడన్ శాస్త్రవేత్త యోయాకిం లార్సన్ బృందం 2007లో పటాన్‌చెరు గురించి ప్రచురించిన ఫలితాలు ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేశాయి. దాదాపు 90 మందుల కర్మాగారాల వ్యర్థ జలం చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోజుకు దాదాపు 45 కిలోలు. అదంతా ఎవరి ఒంటి గుండా పోయినదీ కాదు, తయారీలో పారబోసినది. అందుకే రసాయనవేత్తలు అసలు మందునూ, ఒంట్లో విరిగిన ముక్కనూ రెండింటినీ కొలిచి నిష్పత్తి చూస్తారు. ముక్క లేకుండా మందే ఉంటే ఎవరో పారబోశారు. ముక్క తగినంత ఉంటే ఎవరో వాడారు. నెల్లూరు తీరానికి ఇది మరీ ముఖ్యం. ఇక్కడ కాలువల్లోకి మనుషుల మురుగుతో పాటు గుంటల నీళ్ళూ వస్తాయి. కాలువలో యాంటీబయోటిక్కు దొరికితే అది జ్వరం వచ్చిన బిడ్డదా, వైబ్రియో బ్యాక్టీరియా పట్టిన రొయ్యదా?

ఇక అసలు చిక్కులోకి వద్దాం. ఈ పద్ధతి పుట్టిన ఊళ్ళలో ప్రతి ఇంటి మరుగుదొడ్డీ ఒక గొట్టానికి కలుస్తుంది, అన్ని గొట్టాలూ ఒక చోటికి చేరుతాయి. గుంటకు తూము ఉన్నట్టు ఊరికి ఒక తూము ఉంటుంది. దాని దగ్గర కూర్చుంటే చాలు. కోడూరు, మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె వంటి తీర గ్రామాల్లో ఆ తూము ఏది? ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు. దాని నీళ్ళు ఇసకలోకి ఇంకిపోతాయి. గట్టి పదార్థం ఏళ్ళ తరబడి అడుగున పేరుకుంటుంది. నిండినప్పుడు ట్యాంకరు వచ్చి తోడుకుపోతుంది. ఆ బురదలో నిన్నటి మత్తూ మూడేళ్ళ కిందటి మత్తూ కలిసిపోయి ఉంటాయి. ఒక రోజు, ఒక వారం అని విడదీయలేం.

బకింగ్‌హామ్ కాలువ ఉంది కదా అనిపిస్తుంది. 1876–78 కరువులో కూలీలకు పని కల్పిస్తూ మద్రాసు దగ్గర ఒక ముక్క తవ్వించిన గవర్నరు పేరు మీద పిలుస్తున్న ఆ కాలువ, ఆంధ్ర, తమిళ తీరాల వెంట 400 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. నెల్లూరు తీరపు ఊళ్ళకు అది వెన్నుపూస లాంటిది. కానీ దానికి వాలు లేదు. ఏర్లూ క్రీకులూ కలిసే చోట్ల సముద్రం దానిలోకి వచ్చి పోతుంటుంది. పోటు మీద నీళ్ళు లోపలికి, ఆటు మీద బయటికి. పొద్దున ఉత్తరం వైపు పారిన నీళ్ళు మధ్యాహ్నం దక్షిణం వైపు పారవచ్చు. అలాంటి చోట సీసా ముంచితే అది ఏ ఊరి నీళ్ళని చెప్పగలం? ఉప్పు ఇంకో తలనొప్పి. ఉప్పు నీటి నమూనాలో మాస్ స్పెక్ట్రోమీటరుకు చిన్న సంకేతాలు అణిగిపోతాయి, ముందుగా ఉప్పు కడగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం దిగితే అన్నీ పలచబడిపోతాయి. పలచబడినంత మాత్రాన తాగుడు తగ్గినట్టు కాదు. అందుకే ఆ నమూనాలోనే అమ్మోనియానో, కాఫీ టీలలో ఉండే కెఫీన్ ముక్కలనో కూడా కొలిచి, ఎంతమంది మూత్రం ఇందులో ఉందో ముందు తేల్చుకుంటారు. నెల్లూరు జిల్లాలో టీ తాగని ఇల్లు అరుదు గనుక కెఫీన్ ఇక్కడ మంచి కొలబద్దే అవుతుందని నా నమ్మకం.

గంజాయి ఇంకా మొండిది. దాని ఆనవాలు మూత్రంలో కంటే మలంలో ఎక్కువగా పోతుంది, నీటిలో కరగడానికి ఇష్టపడదు, బురదకూ ప్లాస్టిక్కుకూ అంటుకుంటుంది. నమూనా తీసిన గొట్టం గోడకే కొంత పట్టేస్తుంది. అనుభవం ఉన్న ప్రయోగశాలలు కూడా గంజాయి అంకెలను కొకైన్ అంకెలంత ధీమాగా చెప్పవు. ఆంధ్రాలో అందరూ అడిగే మొదటి ప్రశ్న గంజాయి గురించే గనుక ఇది ముందే చెప్పాలి.

అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? నెల్లూరు నగరంలో భూగర్భ డ్రైనేజీ కలిసిన వీధుల నుంచి మొదలుపెట్టొచ్చు. తీరంలో అయితే ట్యాంకర్లు బురద దించే చోట, నెలకో సారి, రోజు లెక్క కాకుండా ఏడాది లెక్కగా చూడొచ్చు. మైపాడులో చేపలు అమ్మే ఒకావిడతో మాట్లాడినప్పుడు ఇంకో దారి తట్టింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. "వేట లేదు గదా, డబ్బులుండవు, తాగుడు తగ్గుతాదనుకుంటారు నాయనా. పనీ పాటా లేక కూర్చున్నోడు ఇంకా తాగతాడు. మా కష్టం ఆ రెండు నెలలే" అంది. అది ఆవిడ చూసిన ఒక ఊరి సంగతి, కొలిచిన లెక్క కాదు. కానీ కొలవదగిన ప్రశ్న అది. నిషేధానికి ముందు ఒక వారం, మధ్యలో ఒక వారం, తర్వాత ఒక వారం, ఊళ్ళోంచి కాలువలోకి పోయే డ్రైన్ల దగ్గర నమూనాలు తీస్తే చాలు. వేట నిషేధ కాలంలో ఇచ్చే సాయం డబ్బు ఇంటికి చేరుతోందా, సీసాకు చేరుతోందా అన్న ఆవిడ భయానికి ఒక అంకె దొరుకుతుంది.

ఆవిడ వెంటనే ఇంకో మాట అడిగింది. "అయితే మా పాళెం తాగుబోతు పాళెమని పేపర్లో వేస్తారా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేసే వాళ్ళు ఈ పనికి పనికిరారు. మురుగులో మనిషి పేరు ఉండదన్నది నిజమే. కానీ 300 గడపల పాళెం డ్రైనులో ఊరి పేరు ఉంటుంది, కులం పేరు ఉంటుంది. హాస్టలు గొట్టం కొలిస్తే హాస్టలు పేరు ఉంటుంది. 2018లో చైనాలో జోంగ్‌షాన్ నగర పోలీసులు మురుగు లెక్క ఆధారంగా ఒక మత్తుమందు తయారీదారును పట్టుకున్నారని శాస్త్ర పత్రికల్లో వచ్చింది. అది తయారీదారు గనుక ఎవరూ బాధపడలేదు. 2017లో ఆస్ట్రేలియా ప్రభుత్వం, నిరుద్యోగ భృతి తీసుకునే వాళ్ళకు మత్తు పరీక్షలు ఎక్కడ పెట్టాలో మురుగు లెక్కలు చూసి నిర్ణయిస్తామంది. అంటే నీళ్ళు ఒక పేటను చూపిస్తే, ఆ పేటలో పేదవాళ్ళను మాత్రమే సీసా పట్టుకుని నిలబెడతారన్నమాట. అక్కడి సెనేట్ ఒప్పుకోక ఆ పథకం నడవలేదు. ఆ దేశపు మురుగు కార్యక్రమం మాత్రం మొదటి నుంచీ ఒక మంచి పద్ధతి పాటిస్తోంది. ఏ ఊరి శుద్ధి కేంద్రమో నివేదికలో రాయరు, నంబరు వేస్తారు. రాజధాని నగరమా, ప్రాంతీయ పట్టణమా అన్నంత వరకే తెలుస్తుంది.

నెల్లూరు తీరంలో ఈ పని జరిగితే అది ఆరోగ్య శాఖ పనిగానే జరగాలని నా అభిప్రాయం, పోలీసు పనిగా కాదు. పది వేల మందికి తక్కువ నీళ్ళను విడిగా చూపించకూడదు, నాలుగైదు పాళేల నమూనాలు కలిపి ఒకటి చేయాలి. ఫలితం ముందుగా ఆ ఊళ్ళ ఆడవాళ్ళ పొదుపు సంఘాలకు చెప్పాలి, పేపరుకు తర్వాత. ఆ అంకెతో డీఅడిక్షన్ కేంద్రం ఎక్కడ పెట్టాలో అడగడానికి వాళ్ళకు వీలుండాలి. చేపలమ్మే ఆవిడకు ఇదంతా చెప్పాను. వింటూనే గంపలోని కానాగంతలు సర్దుకుంది. "నాలుగూళ్ళు కలిపితే సరే. మా ఊరిది ఒక్కదాన్ది అయితే వొద్దు" అంది. నేను ఇన్ని పుస్తకాలు చదివి చేరిన చోటికే ఆవిడ రెండు మాటల్లో చేరింది.

ఆ సాయంత్రం కాలువ వంతెన మీద నిలబడి నీళ్ళు ఎటు పోతున్నాయో చూశాను. గుర్రపుడెక్క ముక్క ఒకటి చాలా సేపు కదలకుండా నిలబడింది, పోటుకూ ఆటుకూ మధ్య నీళ్ళు ఆగే వేళ అది. తర్వాత మెల్లగా సముద్రం వైపు కదిలింది. ఇక్కడ నమూనా తీసే వాళ్ళు అప్పుడు మొదలుపెట్టాలి, ఊళ్ళ నీళ్ళు బయటికి వస్తున్నప్పుడు. రొయ్యను పంపే ఐసు పెట్టె లాంటి పెట్టెలోనే సీసాలు సర్దాలి. సీసా మీద ఊరి పేరు రాయరు. ఒక నంబరు, తేదీ, ఆటు మొదలైన సమయం రాస్తారు.